పని పోయిన చెల్లెలికి సంఘం ఏం చేయాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో జీవనోపాధుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం, 2023–24)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అనే లెక్కలు ఇంతకుముందే చదివారు. మేము ఆ లెక్కల్లో కనిపించని ఒక సంగతి మాట్లాడదామని వచ్చాం. హిందూపురం వైపు గార్మెంట్స్ ఫ్యాక్టరీలకు మన ఊర్ల నుంచి ఎంతమంది పోతున్నారో మనకు తెలుసు. తెల్లవారకముందే బస్సెక్కి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరే వాళ్లు. ఈ ఏడాది ఆర్డర్లు తగ్గాయని చెప్పి కొన్ని చోట్ల మన సభ్యులను పనిలోంచి తీసేశారు. ఐదేళ్లు, ఎనిమిదేళ్లు ఒకే లైనులో కుట్టినవాళ్లు కూడా అందులో ఉన్నారు. వాళ్లు మళ్లీ ఎట్లా నిలబడాలి, సంఘం ఎట్లా తోడుండాలి అనేదే మా మాట.

శెనక్కాయ పంట ఎండిపోతే మనం ఎవరమూ దాచుకోం. రచ్చకట్ట మీద చెప్పుకుంటాం, సంఘం మీటింగులో చెప్పుకుంటాం, ఎంత పోయింది, విత్తనాలకు ఎంత పెట్టాం, ఎవరికి ఎంత బాకీ అని వేళ్ల మీద లెక్కేస్తాం. పంట పోయిందని ఏ ఆడమనిషినీ వేలెత్తి చూపం. వాన రాలేదు, అంతే. మరి ఫ్యాక్టరీ పని పోయిన చెల్లెలు ఏం చేస్తోంది? వారం పది రోజులు ఇంట్లోనే ఉండి, 'సెలవు పెట్టాను' అని చెబుతోంది. 'నేనేం తప్పు చేశానో' అని లోపల్లోపల నలిగిపోతోంది. ఆర్డరు రాకపోవడం కూడా వాన రాకపోవడం లాంటిదే. ఆమె చేతిలో లేని విషయం. కరువుకు సిగ్గుపడనప్పుడు దీనికెందుకు సిగ్గుపడాలి? మేము చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే: పని పోవడాన్ని కరువులాగే చూద్దాం. బయటికి చెప్పుకుందాం, లెక్కేసుకుందాం, కలిసి దాటుదాం.

మొదటి పదిహేను రోజులు: సంతకం, కాగితాలు

పని పోయినప్పుడు మొట్టమొదట జాగ్రత్త పడాల్సింది సంతకం దగ్గర. 'ఈ కాగితం మీద సంతకం పెట్టమ్మా, నీ పీఎఫ్ తొందరగా వస్తుంది' అంటారు. ఆ కాగితంలో చాలాసార్లు 'నేను నా ఇష్టంతో పని మానేస్తున్నాను' అని ఉంటుంది. అది రాజీనామా. పీఎఫ్ మన డబ్బు, దాన్ని తీసుకోవడానికి రాజీనామా అక్కర్లేదు. చదివించుకోకుండా, ఫోటో తీసుకోకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. వేలిముద్ర అయినా అంతే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నామంటే, కార్మిక చట్టం ప్రకారం, ఏడాది సర్వీసు నిండిన కార్మికురాలిని పని లేదని తీసేయాలంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. దాంతోపాటు పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం పరిహారంగా ఇవ్వాలి. ఇది గ్రాట్యుటీ కాదు, దానికి అదనం. గ్రాట్యుటీ వేరేగా వస్తుంది. ఐదేళ్లు నిండితే ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన ఇస్తారు, నెలకు 26 రోజులుగా లెక్క కడతారు. రాజీనామా చేసినా గ్రాట్యుటీ పోదు. పరిహారం, నోటీసు జీతం మాత్రం పోతాయి.

లెక్క వేసి చూద్దాం. ఒక చెల్లెలు ఆరేళ్లు చేసింది, మూల వేతనం డీఏ కలిపి నెలకు 10,400 అనుకుందాం. 26తో భాగిస్తే రోజుకు 400. పదిహేను రోజులకు 6,000. ఆరేళ్లకు గ్రాట్యుటీ 36,000. పరిహారం ఏడాదికి సుమారు సగం నెల జీతం, అంటే 5,200. ఆరేళ్లకు 31,200. నోటీసు జీతం 10,400. మొత్తం 77,600. రాజీనామా కాగితం మీద సంతకం పెడితే ఇందులో 41,600 పోయినట్టే. ఒక్క సంతకం ఖరీదు రెండు పాడి ఆవుల బయానా అంత.

రెండోది పీఎఫ్. 2023–24లో పని మానిన నెల తర్వాత 75 శాతం, రెండు నెలల తర్వాత మిగిలింది తీసుకునే వీలుండేది. ఇక్కడ మన ఆడవాళ్లకు వచ్చే చిక్కు డబ్బు దగ్గర కాదు, పేరు దగ్గర. పీఎఫ్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. పుట్టిన తేదీ ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో పారేసిన సిమ్ముది. ఇవి సరిచేయాలంటే కొన్నిసార్లు ఫ్యాక్టరీ వాళ్ల ధ్రువీకరణ కూడా కావాలి. ఫ్యాక్టరీ ఆఫీసు తెరిచి ఉన్నప్పుడే ఆ పని చేయించుకోవాలి. తాళం పడ్డాక ఎవరి చుట్టూ తిరుగుతాం? ఇప్పుడు పనిలో ఉన్నవాళ్లు కూడా ఈ వారమే ఇవన్నీ చూసుకోండి.

పీఎఫ్‌తో పాటు పెన్షన్ ఖాతా ఉంటుంది. పదేళ్ల సర్వీసు నిండితేనే పెన్షన్ హక్కు. మళ్లీ ఏదో ఒక ఫ్యాక్టరీకి పోవాలనుకునేవాళ్లు ఆ పెన్షన్ డబ్బు తీసేసుకోవద్దు. స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే పాత ఏళ్లు కొత్త ఏళ్లతో కలుస్తాయి.

మూడోది ఈఎస్ఐ. పని పోయిన మరునాడే ఆ కార్డు చెల్లకుండా పోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు వైద్యం అందుతుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి జులై నుంచి డిసెంబరు వరకు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ చేయించాల్సి ఉంటే ఈ గడువు చూసుకోండి. 2023–24లో పని పోయిన వాళ్లకు ఈఎస్ఐ కిందే అటల్ బీమిత వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటి అమల్లో ఉంది. అర్హత ఉంటే సగటు రోజు జీతంలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇస్తారు, జీవితంలో ఒక్కసారే. స్వచ్ఛందంగా విరమించుకున్నవాళ్లకు రాదు. అందుకే మళ్లీ చెబుతున్నాం, సంతకం దగ్గర జాగ్రత్త.

ఫ్యాక్టరీ వాళ్లు ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాలి. ఒంటరిగా పోవద్దు, ఒకే లైనులో పనిచేసినవాళ్లు కలిసి పోండి. జీతం స్లిప్పులు, గుర్తింపు కార్డు, బ్యాంకు పాసుబుక్కు నకళ్లు పట్టుకుపోండి. వకీలును పెట్టుకునే స్తోమత లేదని వెనక్కి తగ్గొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

కిస్తీ సంగతి: దయ కాదు, పద్దు

ఇక సంఘం లోపలి మాట. ఇదే అన్నిటికంటే కష్టమైన మాట. ఒకరి కిస్తీ ఆగితే సంఘం ఖాతా మొత్తం మీద మచ్చ పడుతుంది. 90 రోజులు దాటితే బ్యాంకు లెక్కలో మొండి బకాయి. 2023–24లో సకాలంలో కట్టిన సంఘాలకే సున్నా వడ్డీ కాబట్టి, ఒక్కరి ఆలస్యం అందరికీ నష్టం.

మన సమాఖ్యలోనే ఒక సంఘంలో పదిమందిలో ముగ్గురికి ఒకే వారంలో పని పోయింది. ఒక్కొక్కరి కిస్తీ నెలకు 2,000. మీటింగులో ఒక అక్క లేచి అడిగింది: 'మేము ఎండలో కూలికి పోయి కడుతున్నాం. వాళ్లు నీడలో కూర్చుని నెల జీతం తీసుకున్నారు, మీటింగులకు కూడా సరిగ్గా రాలేదు. ఇప్పుడు వాళ్ల కిస్తీ మేమెందుకు మోయాలి?' ఆ అక్క అడిగినదాంట్లో తప్పు లేదు. కడుపు కాలినవాళ్ల మాట అది. జవాబు ఎవరూ నోటితో చెప్పలేదు. వీఓఏ పాత మినిట్స్ పుస్తకం తెరిచింది. పంటలు పోయిన ఏడాది, సేద్యం చేసేవాళ్లు ఏడుగురూ కిస్తీ కట్టలేక చేతులెత్తేసినప్పుడు, నెల జీతం వచ్చే ఈ ముగ్గురి పొదుపుతోనే సంఘం నాలుగు నెలలు గడిచింది. తేదీలతో సహా రాసి ఉంది. అడిగిన అక్క ఆ పేజీ చదివించుకుని, తనే తీర్మానం ప్రతిపాదించింది.

ఆ తీర్మానం అన్ని సంఘాలకూ పనికొస్తుందని చెబుతున్నాం. ముగ్గురి కిస్తీ నెలకు 6,000. మూడు నెలలకు 18,000. ఆ డబ్బు సంఘం సొంత పొదుపులోంచి అంతర్గత అప్పుగా, నూటికి రూపాయి వడ్డీకి ఇచ్చారు. డబ్బు వాళ్ల చేతికి ఇవ్వకుండా నేరుగా బ్యాంకుకే కట్టారు. నాలుగో నెల నుంచి కొంచెం కొంచెంగా తిరిగి కట్టాలని రాసుకున్నారు. పీఎఫ్ వచ్చాక మొదట ఈ పద్దు తీర్చాలని ముగ్గురూ ఒప్పుకున్నారు. ఇది దయ అయితే తీసుకున్నామె తల దించుకోవాలి. పుస్తకంలో పద్దు కాబట్టి తల ఎత్తుకునే తీసుకుంది.

ఇదే సమయంలో ప్రైవేటు ఫైనాన్సు వాళ్లు వారం కిస్తీల మీద అప్పిస్తామని ఇంటికొస్తారు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తే అది ఊబి. బంగారం తాకట్టు పెట్టకముందే సంఘంలో నోరు విప్పండి. స్త్రీనిధి ఉంది, గ్రామ సమాఖ్య నిధి ఉంది.

పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బు చేతికొచ్చినప్పుడు ఇంట్లో అందరికీ అవసరాలు గుర్తొస్తాయి. మన ప్రాంతంలో మొదట గుర్తొచ్చేది బోరు. ఆరేళ్లు వంగి కుట్టిన నడుము నొప్పి అంతా ఒక్క రాత్రిలో బోరుగుంతలో పోయిన ఇళ్లు ఉన్నాయి, నీళ్లు మాత్రం పడలేదు. ఆ డబ్బును మూడు భాగాలు చేయండి. ఒకటి అప్పు తీర్చడానికి, ఒకటి మూడు నెలల ఇంటి ఖర్చుకు, ఒకటి తర్వాతి పనికి. మూడో భాగం ఆమె పేరు మీద ఉన్న ఖాతాలోనే ఉండాలి.

చేతిలో ఉన్న పని ఏమిటి?

'నీకు ఏం వచ్చమ్మా' అని అడిగితే చాలామంది 'ఏముంది, గార్మెంట్స్‌కు పోతాంటి' అంటారు. ఆ మాటను విడదీసి చూడాలి. కాలరు కుట్టినామె వేరు, ఓవర్‌లాక్ నడిపినామె వేరు, చెకింగ్ చేసినామె వేరు, ఐరన్, ప్యాకింగ్ వేరు. ఫ్యాక్టరీలో ఒకరు ఒక ముక్కే కుడతారు. రోజుకు వందల కాలర్లు కుట్టిన చేతికి ఒక జాకెట్టు మొదటి నుంచి చివరిదాకా కుట్టడం రాకపోవచ్చు. అది లోటు కాదు, పనిని పంచిన తీరు అది. కానీ ఆ సంగతి తెలుసుకోకుండా మెషిను కొంటే, కొలతలు తీయడం, కత్తిరించడం రాక మెషిను మూల పడుతుంది. అట్లాంటివాళ్లకు ముందు కావాల్సింది మెషిను కాదు, కటింగ్ నేర్చుకోవడం. ఆర్‌సెటిలో కుట్టు శిక్షణ ఉచితం, భోజనం వసతి వాళ్లదే. నెల రోజులు ఇల్లు వదిలి ఎట్లా ఉండాలి అంటే, ఆ నెల పిల్లల్ని చూసుకోవడం సంఘంలో ఇంకో అక్క ఒప్పుకోవచ్చు.

సూపర్‌వైజరుగా చేసిన చెల్లెళ్లు ఉన్నారు. ముప్పై మంది చేత గంట గంటకూ లెక్క రాసి టార్గెట్ చేయించినవాళ్లు. వాళ్లను మీటింగులో చివర కూర్చోబెట్టి, లెక్కలు రాయడానికి మనిషి లేదని మనం వెతుక్కుంటున్నాం. చెకింగ్ చేసినామె కంటికి దారం పోగు తప్పినా దొరుకుతుంది. చింతపండు, పట్టుగూళ్లు నాణ్యత చూసి వేరుచేసే పనికి అంతకంటే మంచి కన్ను యాడ దొరుకుతుంది? హిందూపురం మార్కెట్టు ఈ రెండిటికీ పేరున్నదే కదా.

మెషిను కొనే ముందు

సొంతంగా కుట్టుకోవాలనుకునేవాళ్లు ముందు ఊర్లో ఎంతమంది కుడుతున్నారో లెక్కపెట్టండి. రోజుకు మూడు జాకెట్లు, ఒక్కోదానికి 120, నెలకు 22 రోజులు అనుకుంటే 7,920 వస్తుంది. అందులోంచి దారం, హుక్కులు, కరెంటు, మెషిను కిస్తీ తీసేయాలి. అది కూడా పెళ్లిళ్లు, పండుగలు ఉన్న నెలల మాట. ఆషాఢంలో, శూన్యమాసంలో మూడు జాకెట్లు రావు. జూన్‌లో బడి యూనిఫాంలు ఉంటాయి. పన్నెండు నెలల లెక్క ఒక కాగితం మీద వేసి, ఖాళీ నెలల్లో ఏం చేస్తామో రాసుకున్నాకే అప్పు అడగండి. ఖాళీ నెలల్లో ఉపాధి హామీ పనికి పోవడం చిన్నతనం కాదు. 2023–24లో కూలి రోజుకు 272. ఫ్యాక్టరీకి పోయిన ఏళ్లలో జాబ్ కార్డులో పేరు తీసేసి ఉంటే మళ్లీ చేర్పించుకోండి.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో దర్జీ పని కూడా ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500, పనిముట్లకు 15,000, తర్వాత ఐదు శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా అప్పు. ఇంటికి ఒక్కరికే ఇస్తారు. ఈ పథకం సొంతంగా పని చేసుకునేవాళ్లకు. కాబట్టి ముందు పని మొదలుపెట్టండి, తర్వాత అర్జీ పెట్టండి.

ఇంకో దారి, నలుగురైదుగురు కలిసి కుట్టడం. ఒకరు కాలరు, ఒకరు చేతులు, ఒకరు ఓవర్‌లాక్, ఒకరు చెకింగ్. లైను పద్ధతి వాళ్లకు వచ్చిందే. పీసు రేటుకు పని ఇచ్చేవాళ్లు దొరుకుతారు. రేటు, సరుకు ఇచ్చే తేదీ, డబ్బు ఇచ్చే తేదీ కాగితం మీద రాయించుకోవాలి, కొంత అడ్వాన్సు తీసుకోవాలి. అన్నీ ఒకే ఆసామి మీద పెట్టుకోవద్దు. ఆయన ఆగిపోతే మళ్లీ మొదటికే వస్తాం.

మళ్లీ ఫ్యాక్టరీకే పోతామనేవాళ్లకు

అది కూడా మంచి దారే. పాత యూఏఎన్ నంబరే కొత్త చోట ఇవ్వండి, కొత్తది తీయించుకోవద్దు. అనుభవం సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. తీసేసిన ఫ్యాక్టరీ మళ్లీ మనుషుల్ని తీసుకుంటే, తీసేసినవాళ్లకే ముందు అవకాశం ఇవ్వాలని చట్టంలో ఉంది. మీ చిరునామా, ఫోన్ నంబరు రాసి ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.

ఇంట్లో మాట

'పోతే పోయింది, ఇంక ఇంట్లో ఉండు' అనే మాట ప్రేమతోనే అంటారు కొందరు. కానీ ఆ జీతంతోనే ఒక ఇంట్లో కూతురు నర్సింగ్ చదువుతోంది. జీతం ఆగిన మొదటి నెలలోనే ఆ పిల్లకు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. గ్రామ సమాఖ్య అక్కలు పోయి మాట్లాడి, ఫీజుకు అప్పు ఇప్పించాక పిల్ల కాలేజీకి పోయింది. తల్లి పని పోతే కూతురి చదువుకు ముప్పు వస్తుంది. పని పోయిన ఇంటికి పోయినప్పుడు 'కిస్తీ ఎప్పుడు కడతావ్' అని కాదు, 'పిల్లలు బడికి, కాలేజీకి పోతున్నారా' అని ముందు అడగాలి.

మహాసభ ముందు మా ప్రతిపాదనలు

ఒకటి, ఫ్యాక్టరీకి పోయే సభ్యులున్న సంఘాలు ఆదివారం సాయంత్రం మీటింగు పెట్టుకోవాలి. పనిలో ఉన్నప్పుడు సంఘానికి దూరమైనామె, పని పోయినప్పుడు అడగడానికి జంకుతుంది.

రెండు, పని పోయిన సభ్యురాలి ఇంటికి వారంలోపు గ్రామ సమాఖ్య నుంచి ఇద్దరు పోవాలి. ఏ కాగితం మీద సంతకం పెట్టిందో చూడాలి.

మూడు, మూడు నెలల కిస్తీకి అంతర్గత అప్పు ఇచ్చే పద్ధతిని తీర్మానంగా రాసుకోవాలి. సంఘం పొదుపు చాలకపోతే గ్రామ సమాఖ్య ఆదుకోవాలి.

నాలుగు, పీఎఫ్, ఈఎస్ఐ కాగితాలు నింపడం తెలిసిన ఒక చెల్లెలిని మండల సమాఖ్య ఆఫీసులో నెలకు రెండు రోజులు కూర్చోబెట్టాలి. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసినవాళ్లలోనే ఆ మనిషి దొరుకుతుంది.

వేదిక మీదున్న బ్యాంకు మేనేజరు గారికి ఒక విన్నపం. ఒక సంఘంలో ఒకేసారి ముగ్గురు నలుగురికి పని పోయినప్పుడు, కిస్తీ ఆగకముందే మేము వచ్చి చెబుతాం. అప్పుడు కిస్తీ గడువు సర్దుబాటు చేసే దారి చూడండి.

అక్కచెల్లెళ్లారా, నెలకు ముప్పై రూపాయల పొదుపుతో మొదలుపెట్టిన రోజుల్లో మనల్ని చూసి నవ్వినవాళ్లున్నారు. కరువులు దాటాం, కరోనా దాటాం. ఈ నాలుగు ప్రతిపాదనలు చర్చించి, మార్పులుంటే చెప్పి, చేతులెత్తి ఆమోదించాలని కోరుతున్నాం. ఈ సభలో పని పోయి కూడా ఇంకా ఎవరికీ చెప్పని చెల్లెళ్లు ఉంటే, భోజనాల వేళ మా ఉపసంఘం వాళ్ల దగ్గరికి రండి. కాగితాలన్నీ కలిసి చూద్దాం.